బస్సు క్యూలో ఆట

ఒకే లాడ్జి, ఒకే వినోదాల పార్కు, మూడు రోజుల సెలవు. మా చెల్లి వాళ్లు రోజూ టాక్సీలో వెళ్లేవారు. నేను పిల్లలిద్దరినీ వేసుకుని ఉచిత బస్సు కోసం క్యూలో నిలబడేదాన్ని. చంకలో చిన్నది, మోచేతికి దాన్ని కూర్చోబెట్టి తోసే మడత బండి.

"మా టాక్సీలో రావచ్చుగా అక్కా!" అని చెల్లి రోజూ పిలిచేది. ఆ పిలుపుకే నాకు ఒళ్లు మండేది.

"మాకు బస్సే సరదా" అనేదాన్ని.

చివరి రోజు సాయంత్రం పార్కు బయట క్యూలో ఉండగా, చెల్లి ఒక్కతే వచ్చి నా పక్కన నిలబడింది.

"ఈ పూట మీతో వస్తానక్కా."

"టాక్సీ ఏమైంది?"

"ఆయనా, పిల్లాడూ ఎక్కేశారు. చెరో ఫోనూ పట్టుకుంటే ఇక నోరు విప్పరు. రోజూ కారు అద్దంలోంచి మిమ్మల్నే చూస్తున్నా. పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంటుంటారు. నిజం చెప్పనా? కుళ్లుకున్నానక్కా."

మూడు రోజుల మంట ఒక్క మాటతో చల్లారింది. సిగ్గుపడాలో, గెలిచానని మురిసిపోవాలో తేల్చుకోలేకపోయాను.

అంతలో ఆరేళ్ల మా పెద్దాడు పిన్ని చెయ్యి పట్టుకున్నాడు.

"పిన్నీ, మేం రోజూ క్యూలో ఆడే ఆట చూస్తావా? అమ్మ నువ్వయిపోతుంది. ముందు బ్యాగు, తర్వాత నల్లకళ్లద్దాలు, ఆ తర్వాత ఒక్కో కాలు... నువ్వు టాక్సీ ఎక్కినట్టే అచ్చం ఎక్కుతుంది! ఊఁ, చెయ్యమ్మా!"

బస్సు రావడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది.