నడుం దాకా నీళ్ళు

“అబద్ధం. నువ్వు రాసుకుంటున్నదంతా అబద్ధమే అమ్మాయ్,” అన్నాడు రాదిసావ్, చేతికర్రతో పోస్టాఫీసు గోడని కొట్టి చూపిస్తూ.

గోడకి నడుం ఎత్తున ఒక ఇనప పలక ఉంది. దాని మీద ఒక గీత, గీత కింద నలభై ఆరేళ్ళ కిందటి వరద సంవత్సరం. మొరావా నది ఆ ఏడు ఎంత ఎత్తు వచ్చిందని అడిగితే చాలు, ఊళ్ళో ఎవరైనా ఆ పలకకేసే వేలు చూపిస్తారు. బెల్‌గ్రేడ్ నుంచి వచ్చిన పరిశోధకురాలు తియానా మూడు రోజులుగా ఇంటింటికీ తిరిగి అదే అడుగుతోంది. వరదంటే భయముందా, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి, మళ్ళీ వస్తే ఏం చేస్తారు? ఏటి ఒడ్డున కట్టబోయే పసిపిల్లల బడికి నేల ఎంత ఎత్తున వెయ్యాలో ఈ జవాబుల్ని బట్టే తేలుస్తారు.

“నలభై ఇళ్ళవాళ్ళూ నడుం దాకానే అన్నారు తాతగారూ.”

“వాళ్ళు పలకని చూసి చెప్పారు. నేను నీళ్ళని చూసి చెబుతున్నా. అదిగో, ఆ కిటికీ పైఅంచు దాకా వచ్చాయి.”

ఎదురు కాఫీ కొట్టు బల్లల దగ్గర నవ్వులు వినిపించాయి. మేయరు గ్వోజ్దెన్ కప్పు పట్టుకునే లేచి వచ్చాడు.

“ఏం మామా, పొద్దున్నే రేగుపళ్ళ సారా పట్టించావా? కిటికీ దాకా వచ్చుంటే మా అమ్మ నాకు చెప్పేది కాదూ?”

“మీ అమ్మకి తెలుసురా. మంచిది కాబట్టి నోరు మూసుకుంది.”

“బాగుంది. ఆ బడిలో మొదటి పేరు నా మనవరాలిదే. నాకు లేని భయం నీకెందుకు మామా?”

గ్వోజ్దెన్ తియానాని పక్కకి పిలిచి గొంతు తగ్గించాడు. “నాలుగేళ్ళ కూతురమ్మా, ఒక్కగానొక్కతి. ఆ వరదలోనే పోయింది. దుఃఖంలో ఉన్నవాడికి గోరంత కూడా కొండంత. మీ పుస్తకాల్లో దీనికేదో పేరుంటుందిగా.”

ఉంది. తియానా ఆ పేరు కాగితం అంచున రాసుకుంది కూడా. చదువుకున్నవాళ్ళకి అన్నిటికీ పేర్లు దొరుకుతాయి. అయినా ముసలాయన వదిలేలా లేడని మళ్ళీ దగ్గరికి వచ్చింది.

“పోనీ, ఈ పలక ఎవరు పెట్టారో తెలుసా తాతగారూ?”

“నేనే. ఈ ఊరికి మేస్త్రీని నేనేగా.”

“అయితే తప్పు ఎత్తున పెట్టారా?”

“మొదట సరైన ఎత్తునే పెట్టాను. ఆర్నెల్ల తరవాత నేనే ఊడదీసి కిందికి దించాను. పైనున్న కన్నాలు పూడ్చి సున్నం వేశాను. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ చూశారు. ఒక్కరూ ఎందుకని అడగలేదు. ఇప్పుడు వాళ్ళెవరూ లేరు.”

కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకున్నారు.

“ఎందుకు దించారు?”

“ఇంట్లో అవసరం పడింది,” అన్నాడు రాదిసావ్. “నలభై ఆరేళ్ళు నోరెత్తలేదు. ఇప్పుడు పసిపిల్లల్ని తెచ్చి ఆ ఒడ్డున కూర్చోబెడతామంటున్నారు. ఇంక నావల్ల కాదు.”

తియానా కొత్త కాగితం తీసి ‘కిటికీ పైఅంచు దాకా’ అని రాసింది. “పెట్టిన మేస్త్రీయే చెబుతుంటే ఇంకేం కావాలి. మీరు సంతకం పెట్టండి, బడి నేల ఎత్తు పెంచుతారు. పలకని కూడా మళ్ళీ పాతచోటికి ఎక్కిస్తారు.”

కలం అందుకున్న చెయ్యి ఆగింది. “పలక జోలికి వెళ్ళకుండా కుదరదా?”

“ఎలా కుదురుతుంది? తప్పని తెలిశాక.”

సరిగ్గా అప్పుడే రొట్టె సంచీతో మిలుంకా వచ్చింది, రాదిసావ్ భార్య. రోజూ చేసినట్టే దారిలో ఆగి పలక మీద అరచెయ్యి ఆనించింది. అప్పుడు గానీ మొగుణ్ణి చూడలేదు.

“మీరిక్కడున్నారా. ఏమిటిదంతా?”

“వరద సంగతి అడుగుతున్నాం బామ్మగారూ,” అంది తియానా, ఇంకో సాక్షి దొరికిందన్న సంబరంతో. “మీరు కూడా చూశారు కదా. నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి?”

“వద్దమ్మాయ్,” అన్నాడు రాదిసావ్. అప్పటికే ఆలస్యమైంది.

“ఇదిగో, ఇక్కడిదాకా.” మిలుంకా పలక మీది గీతని వేలితో తడిమింది. “ఈయన మా యెలెనాని బీరువా మీదికి ఎక్కించి, పడవ కోసం పరిగెత్తారు. నాకు ఒకటే బెంగ, పిల్ల మునిగిపోయిందేమోనని. ఏవేవో పీడకలలొచ్చేవి. తరవాత ఈ పలక చూశాక మనసు కుదుటపడింది. నడుం ఎక్కడ, బీరువా ఎక్కడ చెప్పు? దాని మేజోళ్ళు కూడా తడిసుండవు. ఇప్పుడు నోవి సాద్ పట్నంలో కాపురం చేసుకుంటోంది. ఆదివారం వస్తుంది కదూ గ్వోజ్దెన్?”

“వస్తుందత్తా,” అన్నాడు గ్వోజ్దెన్, కప్పులోకి చూస్తూ. ఆ మాట చెప్పడం ఊళ్ళో అందరికీ చిన్నప్పటి నుంచీ అలవాటే.

తియానా పలకకేసి చూసింది. తరవాత కిటికీకేసి చూసింది. ఆ పైఅంచు ఏ బీరువాకైనా పైనే ఉంటుంది.

“తాతగారూ,” అంది మెల్లగా, “ఆ బడిలో ముప్పయ్ మంది పసివాళ్ళు.”

రాదిసావ్ ఏటి ఒడ్డున బడి కోసం ముగ్గు పోసి ఉన్న స్థలం వైపు చూశాడు.

“ఏం రాయిస్తున్నారండీ మీ చేత?” అని అడిగింది మిలుంకా, పలక మీంచి చెయ్యి తియ్యకుండానే.

రాదిసావ్ ‘కిటికీ పైఅంచు’ కొట్టేసి ‘నడుం’ అని రాశాడు.

“ఏం లేదే. నడుం దాకానే అని,” అంటూ సంతకం పెట్టాడు.