రెండో చివర

"ఏడు," అన్నాడు మహేందర్.

భావన పలకలేదు. పలకాలి. ఇద్దరి మధ్యా బల్ల మీద బారెడు థర్మాకోల్ దిమ్మ ఉంది. విల్లులాంటి చట్రానికి బిగించిన సన్నటి తీగ కరెంటుకి వేడెక్కి ఆ దిమ్మని కోస్తోంది. విల్లుకి ఆ చివర అతను, ఈ చివర ఆమె. దిమ్మకి రెండు పక్కలా అంటించిన, రెక్క వంపులో కోసిన సన్‌మైకా ముక్కల మీద ఒకటి నుంచి పన్నెండు దాకా గీతలున్నాయి. తీగ గీత దాటగానే అతను అంకె చెప్పాలి, ఆమె తిరిగి చెప్పాలి. అప్పుడే రెండు వైపులా తీగ సమంగా నడుస్తుంది, బొమ్మ విమానానికి రెక్క నునుపుగా వస్తుంది.

"ఏడు," మళ్ళీ అన్నాడు.

భావన విల్లు వదల్లేదు గానీ కదపనూ లేదు. ఆగిన చోట తీగ థర్మాకోల్‌ని కరిగించేసింది. కమురు వాసన వచ్చింది. రెక్క మీద వేలు దూరేంత గాడి పడింది.

మహేందర్ స్విచ్ ఆపాడు. "ఏం గాదు. మల్ల ఇంకోటి కోద్దం."

"నేను పట్టుకోను."

"చెయ్యి గుంజుతుందా?"

"చెయ్యి కాదు. పెళ్ళయి మూడు నెలలైంది. మీరు నాతో అన్న మాటలన్నీ పోగేస్తే సగం అంకెలే. పొద్దున 'పోతున్న.' రాత్రి 'తిన్నవా?' ఆదివారం వస్తే ఒకటి నుంచి పన్నెండు. పదమూడో అంకె కూడా లేదు నా మొహానికి."

నవ్వుతాడేమో అని చూసింది. పోనీ, పోట్లాడతాడేమో అనుకుంది. మహేందర్ పాడైన రెక్కని నిమురుతూ నిలబడ్డాడు.

"మా ఎల్బీనగర్ బ్రాంచి మేనేజర్ అడిగిన సంగతి చెప్పాను కదా. వైజాగ్ బ్రాంచికి వెళ్తానో లేదో ఇవాళే చెప్పాలి. వెళ్తే రెండేళ్ళు అక్కడే. వెళ్ళమంటారా?" అంది భావన.

అతను వద్దంటే చాలు. ఎందుకని కూడా అడగదు.

"నీ ఇష్టం," అన్నాడు మహేందర్. "నీ నౌకరీ గదా. నేను అడ్డం రాను."

ఆమె చెప్పులేసుకుని మెట్లు దిగిపోయింది.

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద భుజం భుజం రాసుకునేంత జనం. ఒక బండి మీద నేరేడు పళ్ళు అప్పుడే నూనె రాసినట్టు నిగనిగలాడుతున్నాయి. పొట్లం కొనుక్కుంది. పళ్ళమ్మే అండాలమ్మ పైన ఉప్పూ కారం చల్లి ఇచ్చింది. మొదటి పండుకే నోరంతా తీపీ, వగరూ. అంత దిగుల్లోనూ భలే ఉందనిపించింది. నాలుక ఊదారంగుకి తిరిగి ఉంటుంది, ఎవరికైనా చూపించాలి. చుట్టూ చూసింది. ఇంతమందిలో నాలుక చాపి చూపించేంత దగ్గరివాళ్ళు ఒక్కరూ లేరు. ఫోన్ కెమెరా తెరిచి తన నాలుక తనే చూసుకుంది.

"ఏం బిడ్డా, కొత్త పెళ్ళికూతురు లెక్కున్నవ్. ఒక్కదానివే ఒచ్చినవా?" అడిగింది అండాలమ్మ.

"ఆయనకి పనుందండి."

"మొగోళ్ళకు పనెప్పుడు లేదు? అన్ని నువ్వే తినకు. సగం ఉంచుకో, ఇంటికి పోయి ఇద్దరు తినుండ్రి."

భావన పొట్లం మడిచింది. దారిలో మేనేజర్‌కి సగం టైపు చేసిన మెసేజీని అలాగే వదిలేసింది. ఇంకొక్కసారి అడిగి చూద్దాం అనుకుంటూ వెనక్కి నడిచింది.

తలుపు ఓరగా వేసి ఉంది. లోపల ఏ చప్పుడూ లేదు. తొంగి చూసింది.

బల్ల మీద కొత్త దిమ్మ. విల్లు నడుముకి దారం కట్టి ఉంది. ఆ దారం కిటికీ ఊచ మీదుగా కిందికి దిగింది. దాని చివర నీళ్ళు నింపిన బాటిల్ వేలాడుతోంది. ఆ బరువుకి విల్లు తనంతట తానే, నిదానంగా, సమంగా జరుగుతోంది. మహేందర్ చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు, అంతే.

తీగ అవతలికి వచ్చేసింది. అతను పై ముక్క ఎత్తాడు. రెక్క పాలమీగడలా ఉంది. ఒక్క గాడి లేదు, ఎక్కడా మెలిక లేదు. ఇన్ని ఆదివారాలు ఇద్దరూ కలిసి కోసినవాటిలో ఒక్కటీ ఇలా రాలేదు.

తను అలా వెళ్ళిందో లేదో, తన చోటు నిండిపోయింది. నింపింది మనిషి కూడా కాదు, ప్లాస్టిక్ బాటిల్. భావన గుమ్మంలోనే ఫోన్ తీసి 'వైజాగ్ వెళ్తానండి' అని పంపేసింది. వెంటనే జవాబు వచ్చింది: 'సంతోషం. రేపే ఆర్డర్ తీయిస్తా.'

అప్పుడు లోపలికి అడుగుపెట్టింది. "బాగా కుదిరింది. నేను వెళ్ళగానే మంచి ఉపాయం తట్టింది మీకు."

మహేందర్ ఉలిక్కిపడ్డాడు. దొంగతనం చేస్తూ దొరికినవాడిలా గబగబా బాటిల్‌కి అడ్డంగా నిలబడ్డాడు.

"ఇయ్యాల్టి ఉపాయం గాదిది. కాలేజీల ఉన్నప్పటి సంది గిట్లనే కోస్తున్న."

"ఎప్పుడూ ఇలాగేనా?"

"ఎప్పుడు గిట్లనే. పెండ్లయ్యే దాక."

"మరి ఈ మూడు నెలలూ నా చేత ఆ వంకర రెక్కలెందుకు కోయించారు? మీరు ఎగరేసిన విమానాలన్నీ తుర్కయంజాల్ ఖాళీ ప్లాట్లలో ముక్కులు విరగ్గొట్టుకుంటున్నాయి కదా."

అతను దారం నుంచి బాటిల్ విప్పి బల్ల మీద పెట్టాడు.

"బాటిల్‌తోని పని మంచిగైతది," అన్నాడు. "గానీ అది నాతోని మాట్లాడది గదా."