ఝాన్సీ వెతికిన మాట

షామీర్‌పేట సంఘంలో ఎవరికి కష్టమొచ్చినా బోధకుడు యోబు దగ్గరికే పరుగెత్తేవారు. ఇప్పుడు ఆరాధన ముగియగానే అందరూ ఆయన్ని దాటుకుని సంఘంలో కంప్యూటర్ పని తెలిసిన ఝాన్సీ లాప్‌టాప్ చుట్టూ మూగుతున్నారు. బైబిల్లో సౌలు రాజును కాల్చిన అసూయ నిప్పే యోబు కడుపులో రగిలింది.

ఆ ఆదివారం ఆగలేక వెళ్లి ఆమె ఎదుట నిలబడ్డాడు.

“దేవుని మాట మోకాళ్ల మీద దొరుకుతది బిడ్డా. గీ డబ్బల దొరుకుతదా?”

“జర కూసోండి అయ్యగారు. ఏం వెతకాలె?”

“భయం. సూపియ్యి, జూస్త.”

ఝాన్సీ నల్లటి తెర మీద, మాటల్ని వెతికిపెట్టే ‘గ్రెప్’ అనే ఆదేశం కొట్టి, పక్కన ‘భయం’ అని రాసింది. వేల వరుసల్లోంచి ఆ మాట ఉన్న వరుసలు మాత్రమే ఏరినట్టు వచ్చి నిలిచాయి. యోబు కళ్లద్దాలు సర్దుకుని మొదటిది చదివాడు.

‘కంపెనీ మూతపడ్డదని భయం ఎందుకు? దేవుడు తలుపు మూయలేదు.’

“గిది లేఖనం కాదు గదా,” అన్నాడు గొంతు తగ్గించి. “గిది నేను జెప్పిందే.”

“లేఖనం అందరి ఫోన్లల్ల ఉన్నది అయ్యగారు. గీళ్లు నన్నడిగేది మీ మాటలే. మీ ప్రసంగాలు, ప్రార్థనలు అన్నీ రికార్డు జేసి, ఇంటికి పోయి టైప్ జేస్తున్న.”

యోబు కడుపులో మంట చల్లారింది. సంతోషం పట్టలేకపోయాడు.

“అయితే నీ పేరు వెతుకు బిడ్డా. నీ కోసం ఎన్ని ప్రార్థనలు జేసిన్నో సూద్దాం.”

ఝాన్సీ చేతులు మీటల మీది నుంచి ఒళ్లోకి జారాయి.

“అందరి పేర్లు ఉన్నయి అయ్యగారు. నాది ఎప్పుడో వెతికిన. లేని మాటకు ఇది ఏం సూపియ్యదు.”