కింది వాటాలో గిటారు

సాయంత్రం ఆరింటికి గిటారు మళ్ళీ మొదలైంది.

మేడ మీద హాల్లో పేపరు చదువుతున్న ఇంటి ఓనరు కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. వీధిలో అందరూ ఆయన్ని రూల్సాయన అంటారు. మెట్ల దగ్గర ‘చెప్పులు ఇక్కడే’, కుళాయి దగ్గర ‘గట్టిగా తిప్పరాదు’, గేటుకి ‘నెమ్మదిగా వేయండి’. ఆ ఇంటి గోడలకి రంగు కన్నా కాగితాలే ఎక్కువ.

కింది వాటాలో అద్దెకి దిగిన డ్రాయింగు టీచరుకీ ఒక రూలు రాసిచ్చాడు. ‘మీ వాటాలో గిటారు స్పీకరు మోగరాదు. మా అమ్మకి ఎనభై ఏళ్ళు. మోత పడదు.’ అమ్మని అడిగి రాసింది కాదది. ఎనభై ఏళ్ళ మనిషికి మోత పడదని వేరే అడగాలా అని ఆయన ఉద్దేశం.

టీచరు గొడవ పెట్టుకోలేదు. ఆ వారంలోనే స్పీకరు పెట్టె ఆమె వాటాలోంచి మాయమైంది. పాట మాత్రం మాయం కాలేదు.

“ఒరేయ్, వింటున్నావా?” గదిలోంచి అమ్మ కేకేసింది. “నా బుర్ర తినేస్తోందిరా. వెళ్ళి చూడు.”

ఆయన అమ్మ గదిలో అడుగుపెట్టాడో లేదో, మోత టక్కున ఆగిపోయింది. రోజూ ఇదే వరస. అమ్మ గదికి సరిగ్గా కిందే టీచరు గది. మోత ఇక్కడే ఎక్కువగా వినబడటానికి కారణం అదేనని ఆయన ఎప్పుడో తేల్చేశాడు.

“చూశావా, నీ అడుగుల చప్పుడు వినగానే ఆపేసింది. పాము చెవులు ఆ పిల్లవి,” అంది అమ్మ, చేతికర్రని మంచానికి ఆనిస్తూ. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మెట్లు దిగి ఏడాది దాటింది. ఈమధ్య కాళ్ళకి చలిగాలి కొడుతోందని మంచం మీది దుప్పటి నేల దాకా దింపించుకుంది.

ఆయన విసవిసా కిందికి దిగాడు. టీచరు తలుపు బార్లా తీసింది. భుజానికి ఎలక్ట్రిక్ గిటారు ఉంది. స్పీకరు లేనిదే అది గది దాటి వినబడదు. వైరు లేదు. తలుపు వెనక చూశాడు, బీరువాలో చూశాడు, వంటింట్లో పొయ్యి కింద కూడా చూశాడు. స్పీకరు లేదు.

గిటారుకి వైరు ఉండాల్సిన చోట బొటనవేలంత ప్లగ్గు ఒకటి ఉంది. దానికో పచ్చ దీపం.

“ఏమిటిది?”

“వైర్‌లెస్ అండి. దీని జత స్పీకరుకి తగిలిస్తాం. రెండూ ఒకే నంబరు మీద పెడితే రెండింట్లోనూ పచ్చ దీపం వెలుగుతుంది. స్పీకరు బ్యాటరీల మీద నడుస్తుంది కాబట్టి ఇక ఏ వైరుతోనూ పని లేదు. నేనిక్కడ వాయిస్తే, యాభై అడుగుల లోపు అదెక్కడుంటే అక్కడ మోగుతుంది.”

“మరి అదెక్కడుంది?”

“అది మాత్రం అడక్కండి. ఒకరికి మాటిచ్చాను. నా వాటాలో మోగకూడదన్నారు, మోగట్లేదు కదండీ.”

తన రూలు తనకే అడ్డం తిరిగేసరికి రూల్సాయనకి ఒళ్ళు మండిపోయింది.

“ఆదివారం లోపల ఈ ఆవరణలో ఆ పెట్టె నా కంటపడిందో, మీరు సామాను సర్దుకోవాలి.”

టీచరు మొహం వాడిపోయింది. గిటారు పుణ్యమా అని ఈ ఏడాదిలో ఇది మూడో ఇల్లు. ఇంకోటి వెతుక్కునే ఓపిక ఆమెకి లేదు.

“దొరక్కపోతేనండీ?”

“దొరక్కపోతే హాయిగా ఉండండి. ఇక ఆ ఊసెత్తను.”

అప్పట్నుంచి రూల్సాయనకి కాలు నిలవలేదు. ఆరు కాగానే పాట, పాట వెనకే అమ్మ కేక. “పైన ట్యాంకు దగ్గర్నుంచిరా!” అంటే డాబా ఎక్కి ట్యాంకు మూత ఎత్తి చూశాడు. “కాదురా, మెట్ల కింద!” అంటే పాత తట్టాబుట్టా అంతా బయటపడేశాడు. ఒంటి నిండా బూజు అంటింది తప్ప పెట్టె జాడ లేదు.

“పోనీ వదిలేద్దామా అమ్మా?” అన్నాడు శనివారం నాడు, నడుం పట్టుకుని.

“నాకోసం ఆ మాత్రం చెయ్యలేవురా?” అంది అమ్మ.

ఆ మాటకి ఆయన కళ్ళు చెమ్మగిల్లాయి. ఈ వయసులో ఆవిడకి కాస్త ప్రశాంతత ఇవ్వలేకపోతున్నానే అని నిజంగానే బాధపడ్డాడు.

ఆదివారం సాయంత్రం ఆరుకి ఐదు నిమిషాలుందనగా అమ్మ పిలిచింది.

“నాకు ఆ పక్కింటి దర్జీ కొట్టు మీదే అనుమానంరా. ఊరికే తొంగి చూసి వచ్చెయ్యకు. ఓ గంట అక్కడే కూర్చో. దొంగ తనే బయటపడుతుంది.”

“కొట్టు మన ఆవరణ కాదు కదమ్మా.”

“గోడ మనదే కదా. గోడకి ఆనించి పెట్టిందేమో.”

ఇది రూల్సాయనకి నచ్చింది. కొలిచే టేపు జేబులో వేసుకున్నాడు.

“వస్తూ వస్తూ నా టార్చికి రెండు బ్యాటరీలు పట్టుకురా.”

“మొన్ననే కదమ్మా తెచ్చాను?”

“అయిపోతే నేనేం చెయ్యను?”

ఆయన నిట్టూర్చి, చెప్పులు వేసుకుని బయల్దేరాడు.

గేటు నెమ్మదిగా పడిన చప్పుడు విన్నాక, అమ్మ చేతికర్ర కొనతో దుప్పటి అంచు పైకెత్తి, మంచం కింద పచ్చ దీపంతో ఎదురుచూస్తున్న స్పీకరు పెట్టె మీటని అదే కర్రతో నొక్కింది.