ఎడమ బొటనవేలు

మా బడిలో శుక్రవారం కణాలు చూసే రోజు. వేలు గాజుపలక మీద పెడితే, మన ఒంట్లో బతికున్న కణం తెర మీద కనిపిస్తుంది. ఎర్రటి ఆర్‌ఎన్‌ఏ పోగు చుట్టూ ఆకుపచ్చ ప్రోటీన్లు తిరుగుతుంటాయి. ఒకటి వచ్చి పోగును పట్టుకుంటే కణం బాగున్నట్టు. అప్పుడు పక్కనున్న జోడీ “పట్టుకుంది” అని చెప్పి బొటనవేలి ముద్ర వేయాలి. ఎవరి కణాన్ని వాళ్ళే చూసుకుంటే లేనిపోని భయాలు పెట్టుకుంటారని ఈ నియమం. జోడీ ముద్ర లేకపోతే పదో తరగతి పరీక్షకు కూర్చోనివ్వరు.

రెహానా వేరే ఊరి బడికి వెళ్ళిపోయాక నాకు జోడీ లేదు. ఎవరినీ అడగలేక, నాలుగు వారాలుగా నా ఎడమ బొటనవేలి ముద్రనే జోడీ ముద్రగా వేస్తున్నాను. ఈరోజు నర్సు సువార్తమ్మ గారు చూసేశారు.

“ఏమే భ్రమరా, రెండు వేళ్ళూ నీవేగా! నీకు నువ్వే జోడీవా?”

వరుసలో అందరూ నవ్వారు. ఇక పరీక్ష పోయిందనుకున్నాను. ఆవిడ మాత్రం కుర్చీ దగ్గరికి జరుపుకుని, నా తెరలోకి వంగి చూశారు.

“ఇదిగో, పట్టుకుందే పిల్లా!” అని తన ముద్ర వేశారు.

నా గురించి ఆ మాట విని నెలయింది.

“ఇంకా పట్టుకునే ఉందాండీ?” అన్నాను.

“ఆఁ, ఉందిలే. తర్వాతెవరర్రా, రండి!” అన్నారు. అప్పటికే తెర ఆర్పేశారు.

ఆ పట్టు రెప్పపాటే ఉంటుందని నాకు తెలుసు. అయినా ఇంకాసేపు వేలు గాజు మీదే ఉంచాను.