ముప్పై ఒకటో మైలు

“మళ్ళీ పెట్టావా?” అంది రొసౌరా, తన సంచిలోంచి రెండు నీళ్ళ సీసాలు తీసి బల్ల మీద పెడుతూ.

ఆమె అటు తిరగ్గానే ఎల్ఫెగో ఆ రెండు సీసాలూ తన సంచిలో దూర్చుకున్నాడు. దారిలో పద్నాలుగు మైళ్ళకొకచోట ఇనప్పెట్టెల్లో నీళ్ళు ఉంచుతారనీ, మనిషికి ఆరు లీటర్లు చాలనీ ఆమె నెల రోజులుగా చెబుతూనే ఉంది. అతను తొమ్మిదికి తక్కువైతే కదలనన్నాడు. తప్పిపోయినవాళ్ళను వెతికే కౌంటీ దళంలో ఇరవై రెండేళ్ళు పనిచేసినవాడు. ఎడారి మీద అతనికి నమ్మకం లేదు.

మెక్సికో సరిహద్దు రాయి దగ్గర మొదలై కెనడా దాకా పోయే కాలిబాట అది. వాళ్ళు అంతదూరం పోవడం లేదు. సిల్వర్ సిటీలో తమ ఇంటిదాకా, నూట అరవై మైళ్ళు. అరవై ఒక్కేళ్ళ ఆమెకూ, అరవై నాలుగేళ్ళ అతనికీ అదే ఎక్కువ. చలికాలమంతా సంచుల్లో పింటో చిక్కుడుగింజల మూటలు వేసుకుని ఊరి వెనక గుట్ట ఎక్కి దిగారు. పక్కింటి యుఫీమియా కంచె మీద మోచేతులానించి, “బస్సులు మానేశారా, పాపం?” అని రోజూ ఏడిపించేది. బయల్దేరే ముందురోజు మాత్రం ఏమీ అనలేదు. తను ఎండబెట్టిన మిరపకాయల పొట్లం రొసౌరా చేతిలో పెట్టి, ఆమెను కాసేపు గట్టిగా పట్టుకుని వెళ్ళిపోయింది.

నిజానికి ఈ నడక టోబియాస్‌ది. తొమ్మిదేళ్ళ కింద టోబియాస్ ఒంటరిగా బయల్దేరాడు. మూడో రోజు నుంచి ఫోను రాలేదు. కాలు విరిగి, నీళ్ళయిపోయి, ఎండువాగులో పడి ఉన్న శవం ఆరో రోజు పొద్దున దొరికింది. జేబులో మడత పెట్టిన దారి పటం ఉంది. నడిచినంతమేరా పెన్సిలు గుర్తులు పెట్టుకుంటూ వచ్చాడు. ముప్పై ఒకటో మైలు దగ్గర గుర్తులు ఆగిపోయాయి. ఆ పటాన్ని ఎల్ఫెగోనే తన చేతులతో తెచ్చి రొసౌరాకిచ్చాడు. ఆమె దాన్ని గోడకు తగిలించలేదు, పారేయనూ లేదు. బట్టల కింద దాచింది. కిందటి క్రిస్మస్‌నాడు మాత్రం బయటికి తీసి, “ఈ నడక నేను పూర్తిచేస్తాను. నువ్వు రాకపోయినా సరే,” అంది.

అతను వస్తానన్నాడు. తొమ్మిదేళ్ళుగా గొంతులో నిలిచిపోయిన మాట ఒకటుంది. ముప్పై ఒకటో మైలు చేరేలోగా అది చెప్పెయ్యాలనుకున్నాడు. చెప్పకుండా ఆ చోట ఆమె పక్కన నిలబడటం తన వల్ల కాదు.

లార్డ్స్‌బర్గ్ ఊరి నుంచి సరిహద్దు దాకా మట్టిదారిలో మూడు గంటలు జీపు ప్రయాణం. తోలే ముసలాయన పేరు క్లీటస్. దారంతా వానల గురించీ, పశువుల గురించీ మాట్లాడాడు. సరిహద్దు రాయి దగ్గర సంచులు దింపాక టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. టోబియాస్‌ను ఇక్కడ దింపింది కూడా తనేనని అప్పుడు చెప్పాడు.

“మూడు గంటలూ పాడుతూనే వచ్చాడమ్మా.”

“గొంతు బాగుండేది కాదు,” అంది రొసౌరా.

“బాగుండేది కాదు. కానీ ఆపమనబుద్ధి కాలేదు.”

ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుని, సంచి వీపుకెత్తుకుని ఉత్తరంగా అడుగు వేసింది. ఎల్ఫెగో వెనక నడిచాడు.

మొదటి రోజు సాయంత్రం నీళ్ళ పెట్టె దగ్గర చెబుదామనుకున్నాడు. ఆమె బూట్లు విప్పి, మడమ మీద లేచిన బొబ్బ చూపించి సూది అడిగింది. మర్నాడు పొద్దున కాఫీ దగ్గర నోరు తెరిచాడు. అంతలోనే ఆమె, మోకాలు నొప్పి లేదని చిన్నపిల్లలా సంబరపడింది. ఆ సంబరం మీద మట్టి పోయలేకపోయాడు. రోజంతా ముళ్ళపొదల మధ్య ఆమె టోపీని చూస్తూ నడిచాడు. రెండో నీళ్ళ పెట్టె వచ్చింది. ఇక మూడు మైళ్ళే మిగిలాయి.

మూడో రోజు ఎండెక్కకముందే ఆ వాగు కనిపించింది. అతని కాళ్ళు ఆగిపోయాయి.

“రొసౌరా, కూర్చో. ఒకటి చెప్పాలి.”

ఆమె కూర్చోలేదు. చేతికర్ర మీద బరువు మోపి నిలబడింది.

“ఐదో రోజు సాయంత్రం దుమ్ముగాలి లేచిందనీ, అందుకే అందరం వెనక్కి వచ్చేశామనీ దళం కాగితాల్లో ఉంది. ఆ కాగితం రాసింది నేనే. గాలి అంతేమీ లేదు. ఇంకొక్క వాగు చూసొస్తామని దళంలో ఇద్దరు బతిమాలారు. వద్దు, పొద్దున చూద్దాం అన్నాను. అలిసిపోయాను. అంతకుమించి కారణం లేదు.” అతను అక్కడే నేల మీద కూర్చున్నాడు. “ఆ వాగు ఇదే. పొద్దున వచ్చేసరికి అతని ఒళ్ళు ఇంకా పూర్తిగా చల్లబడలేదు.”

ఆమె వాగులోకి చూసింది. తర్వాత సంచి దింపి, అతని పక్కన ఇసుకలో కూర్చుంది.

“నాకు తెలుసు,” అంది. “ఆ ఇద్దరిలో ఒకతను ఖననం రోజునే చెప్పాడు.”

అతను ఆమె వైపు తిరిగాడు.

“తెలిసీ నాతో ఎలా ఉన్నావు?”

ఆమె అతని చెయ్యి తన చేతుల్లోకి తీసుకుంది.

“మా ఆయన కోసం వెతకడం ఆపింది నువ్వేనని తెలిసే, నిన్ను పెళ్ళి చేసుకున్నాను.”