దండగ కేబులు

"ఆ రెండో కేబులు పీకెయ్యమ్మా," అన్నారు పోర్టు ఆఫీసు మేనేజరు కనకరత్నం గారు. "పొద్దున్నుంచీ ఓడలోంచి బొగ్గు దింపుతున్నాం. ఒక్కసారైనా లైను ఆగిందా? దింపుడంతా నడిపే ఒక్క కంప్యూటరుకి రెండు నెట్‌వర్క్ కార్డులు, రెండు కేబుళ్లు... దండగ!"

ఆఫీసులో కంప్యూటర్లు చూసే సీతాలు కదలలేదు. ఆ రెండు కార్డులూ ఒక్కటిగా పనిచేసేలా లినక్సు సాఫ్ట్‌వేర్‌లో కలిపింది తనే.

"నాను పీకను సార్."

"ఎవరు నేర్పారు నీకీ రెండు కేబుళ్ల పని?"

"మా అయ్య. దుంగలన్నీ తాడుతో కలిపి కట్టీసి, ఒక్క తెప్ప సేసి సేపల ఏటకెల్తాడు. ఒడ్డునున్నోలికి ఒక దుంగ ఎక్కువనిపిత్తాది."

ఆయన ముఖం ఎర్రబడింది. "అయితే నేనే పీకుతాను," అంటూ తన బల్ల కిందున్న కంప్యూటరు వెనక్కి వంగారు. మొదటి కేబులు ఆయన కుర్చీ చక్రం కింద నలిగి, రెండు ముక్కలై ఉంది.

"పొద్దున్న మీరు కుర్చీ జరిపినప్పుడే తెగిపోనాది సార్. లినక్సు అప్పుడే సెప్పింది," అంది సీతాలు. "అప్పట్నించీ ఓడలో బొగ్గు దింపుతన్నది మీ దండగ కేబులే. ఇప్పుడు పీకండి."